నలభై ఒకటో ఓటు

మా అన్నయ్య జగన్నాథరావు బుట్టెడు మామిడిపండ్లకి అమ్ముడుపోయాడని మా ఊళ్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అనేవాళ్లలో సగం మంది ఇళ్లస్థలాలు ఆయన రాసిన అర్జీలతో వచ్చినవే. మిగతా సగం మంది ఆ బుట్టలో పండ్లు తిన్నవాళ్లు. వాళ్లని ఒప్పించడానికి నేనిది రాయడం లేదు. వాళ్లకి చెప్పినా ఒకటే, దొడ్లో గేదెకి చెప్పినా ఒకటే. గేదె నయం, కనీసం తల ఊపుతుంది. ఇరవై ఏళ్లుగా కడుపులో పెట్టుకు తిరుగుతున్న మాట ఒకటుంది. దాన్ని బయటికి కక్కేస్తే తప్ప నాకు తిన్న అన్నం వంటబట్టేట్టు లేదు.

నెహ్రూగారు పోయిన వేసవి అది. నందిగామ నుంచి జగ్గయ్యపేట పోయే పెద్దరోడ్డు దిగి మైలున్నర నడిస్తే మా ఊరు. రోడ్డుకీ ఊరికీ మధ్య వాగు. ఎండాకాలం కోడిపిల్ల కూడా కాళ్లు తడవకుండా దాటుతుంది. వానలు ముదిరి మునేరు పొంగి వాగుని ఎగదన్నిందంటే మాత్రం మూడు నాలుగు రోజులు మాది ఊరు కాదు, లంక.

అన్నయ్య ఏ పార్టీలోనూ చేరలేదు. యాభై రెండులో మొదటి ఎన్నికలొచ్చినప్పుడు లాంతరు గుర్తు మీద అసెంబ్లీకి నిలబడ్డాడు. మా నాన్న పోయి అప్పటికి ఏడాది. నేను నందిగామ హైస్కూల్లో సెకండ్ ఫారం, అంటే ఏడో తరగతి. ఆయన ఊళ్లు తిరుగుతుంటే నాగలి పట్టేవాడు లేక నన్ను బడి మాన్పించాడు. "ఎన్నికలయ్యేదాకానే రా సాంబా, మళ్లీ పంపిస్తా" అన్నాడు. ఎన్నికలయ్యాయి. ఓడిపోయాడు. యాభై అయిదులో మళ్లీ నిలబడి మళ్లీ ఓడిపోయాడు. నా బడి మాత్రం మళ్లీ రాలేదు. యాభై తొమ్మిదిలో వార్డు మెంబర్లంతా కలిసి ఆయన్ని సర్పంచిని చేశారు. అరవై నాలుగు వేసవిలో రెండోసారి చేశారు. పన్నెండేళ్ల కష్టానికి దక్కింది అదీ.

ఆయన రాజకీయమంతా మా ఇంటి అరుగు మీద జరిగేది. తెల్లవారేసరికి జనం. పట్టా కావాలన్నవాడు, బావికి అప్పు కావాలన్నవాడు, కరణం పేరు తప్పు రాశాడన్నవాడు. అన్నయ్య కాపీయింగ్ పెన్సిలు కొస నాలిక మీద తడుపుకుంటూ అర్జీలు రాసేవాడు. అందుకని ఆయన నాలిక కొస ఎప్పుడూ ఊదారంగు. అడిగినవాడు వేలిముద్ర వేశాక కింద తన సంతకం కూడా పెట్టేవాడు, పూర్తి పేరూ తేదీతో సహా. ఆ కాగితాల్ని సైకిలు మీద నందిగామ ఆఫీసులకు మోసేవాణ్ణి నేను. ఆయన సంతకం నీకెందుకన్నయ్యా అని ఒకసారి అడిగాను.

"వేలిముద్ర చూస్తే ఎవడిదో తెలియదురా. వాణ్ణి ఏడిపించొచ్చు. సంతకం అట్లా కాదు, దాని వెనకాల మనిషి నిలబడి ఉంటాడు. చింపేవాడు చింపేముందు ఒకసారి ఆలోచిస్తాడు" అన్నాడు.

అంతకుముందు ఏడు శ్రావణంలో, వాగు పొంగినప్పుడు, సిలార్ తల్లి రసూల్‌బీ పోయింది. సిలార్ మా ఊరి బండివాడు. మా మిరపబస్తాలన్నీ పేటకి తోలేది అతనే. వాళ్ల ఖబరస్తాన్ వాగుకి అవతలి ఒడ్డున ఉంది. పోయిన రోజునే మట్టి ఇవ్వాలన్నది వాళ్ల పద్ధతి. రెండు రోజులు శవం ఇంట్లోనే ఉంది. సిలార్ గుమ్మంలో కూర్చుని వాన వంక చూస్తూ ఉండిపోయాడు. అన్నయ్య ఆ రెండు రోజులూ వాళ్ల వసారాలోనే ఉన్నాడు. మూడోనాడు నీళ్లు మొలలోతుకి దిగాక పదిమంది జనాజాని తలల మీదికెత్తి దాటించారు. ఆ నీళ్లలో నిలబడే అన్నయ్య అన్నాడు:

"సిలారూ, వచ్చే వానల్లోపు ఇక్కడ చప్టా కట్టిస్తా. ఇది నా మాట."

సిలార్ నాన్న చాంద్ బాషా, డెబ్బై ఏళ్ల మనిషి, ఒడ్డున వణుకుతూ, "మాటలెందుకు బాబూ, అల్లా చూస్తాడు లెండి" అన్నాడు.

"అల్లా చూసేది ఆయన చూస్తాడు తాతా. సర్పంచి చూసేది నేను చూస్తా."

చప్టా కట్టాలంటే డబ్బు పంచాయతీ సమితిలో ఉంది. సమితి ప్రెసిడెంటు చెయ్యూపితే తప్ప కదలదు. ఆ వేసవిలో ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. ఓట్లు వేసేది సర్పంచులు. మొత్తం నలభై ఒక్కమంది. నిలబడింది ఇద్దరు, భవానీప్రసాద్ ఒకడు, బుల్లిబాబు ఒకడు. ఇద్దరూ ఒకే పార్టీ, ఇద్దరిదీ ఖద్దరే, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. చెరి ఇరవైమంది వెనక ఉన్నారని లెక్క తేలింది. నలభై ఒకటోవాడు మా అన్నయ్య. పన్నెండేళ్లు ఏ నాయకుడూ తొక్కని మా అరుగుకి ఒక్క వారంలో జీపులొచ్చాయి.

ముందు భవానీప్రసాద్ వచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు, నున్నగా దువ్విన క్రాపు. మా ఇంట్లో ఎవరొచ్చినా మజ్జిగే. ఆయనా అదే పుచ్చుకున్నాడు గానీ తాగలేదు.

"చప్టా ఒక్కటే కోరికటండీ జగన్నాథరావుగారూ? నేను కుర్చీ ఎక్కిన మర్నాడు మీ వాగులో కంకర పడుద్ది."

"సంతోషమండి. ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

భవానీప్రసాద్ నవ్వాడు. "మా వంశంలో నోటిమాటే దస్తావేజండీ."

"మాది చిన్న వంశమండి. మాకు దస్తావేజే దస్తావేజు."

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టేసి లేచాడు. జీపు వెళ్లేదాకా మజ్జిగ మీద ఈగలు వాలుతూనే ఉన్నాయి.

రెండు రోజులకి బుల్లిబాబు వచ్చాడు. పొగాకు ఆరబెట్టే బేరన్లున్న ఆసామి, భారీ మనిషి. కూర్చుంటే మా అరుగు సగం నిండింది. మజ్జిగ రెండు గ్లాసులు తాగి, మీసం తుడుచుకుని, "ఎక్కడ పెట్టమంటావు బావా సంతకం? ఇక్కడేనా? ఇదిగో. కింద ఊరి పేరు కూడా రాయనా?" అన్నాడు.

"రాయండి" అన్నాడు అన్నయ్య.

రాశాడు. అన్నయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ట్రంకుపెట్టెలో దాచి, "నా ఓటు మీదండి" అన్నాడు. ఆయన ఎవరికైనా ఓటు వేస్తానని చెప్పగా వినడం నాకదే మొదలు.

నన్నడిగితే ఇద్దరూ దొంగలే. ఆ ముక్క అప్పుడే చెప్పాను. "దొంగైనా సంతకం పెట్టాడురా" అన్నాడు.

తరవాత క్యాంపులు మొదలయ్యాయి. భవానీప్రసాద్ తన ఇరవైమందినీ జి.కొండూరు దగ్గర ఒక మామిడితోటకి చేర్చాడు. బుల్లిబాబు తనవాళ్లని లారీ ఎక్కించి బెజవాడలో లాడ్జీకి తోలాడు. పేకముక్కలు, కోడిపలావు, గుమ్మానికి ఇద్దరు మనుషుల కాపలా. ఊళ్లకి పెద్దలనిపించుకునేవాళ్లు, మొలతాడు కట్టుకున్న మగాళ్లు, దొడ్డికి పోవాలన్నా కాపలావాణ్ణి అడిగి పోయారు. ఇంటికొచ్చి అదేదో తీర్థయాత్రలాగా చెప్పుకున్నారు. అన్నయ్యని తీసుకుపోవడానికి కూడా బుల్లిబాబు మనిషొచ్చాడు.

"నేను పశువునా, తోలుకుపోయి దొడ్లో కట్టేస్తానంటున్నావు? ఓటు రోజున వస్తా. పో."

"రాకపోతే అనుమానిస్తారండీ" అన్నాడు వాడు, ఎటో చూస్తూ.

"అనుమానించుకోమను."

ఓటింగు ఇంక మూడు రోజులుందనగా, పగటిపూట, అన్నయ్య పొలంలో ఉన్నప్పుడు మా వాకిట్లో భవానీప్రసాద్ జీపు ఆగింది. అందులోంచి ఆయన దిగలేదు, ఆయన భార్య భారతీదేవి దిగింది. మా వదిన దుర్గాంబది పరిటాల. ఆ భారతీదేవిదీ పరిటాలే, ఒకే వీధి, వరసకి చెల్లెలు. చేతిలో కుంకుమభరిణె, వెనకాల డ్రైవరు నెత్తిన రసాలబుట్ట. "ఇటువైపు పోతూ అక్కని చూడకుండా ఎట్లా పోతాను?" అంటూ లోపలికొచ్చింది. వదినకి బొట్టు పెట్టింది. పుట్టింటి ఊళ్లో ఎవరెవరు ఎట్లా ఉన్నారో చెప్పింది. ఎన్నిక మాట ఎత్తనే లేదు. పోతూ పోతూ నాలుగు పండ్లు వదిన ఒళ్లో పెట్టి, బుట్ట గడప లోపల దింపించి వెళ్లిపోయింది. అంతసేపూ వీధంతా మా గోడల మీదే ఉంది.

అన్నయ్య వచ్చి బుట్ట చూశాడు.

"ఎవరిచ్చారు?"

వదిన చెప్పింది.

"ఎందుకు తీసుకున్నావు?"

"పుట్టింటి పిల్ల బొట్టు పెట్టి ఒళ్లో పెడుతుంటే లేచి దులిపేసుకోమంటారా? తిరగ్గొడితే మా అమ్మానాన్నా ఆ వీధిలో తలెత్తుకు తిరుగుతారా? మీకు మీ ఓట్లున్నాయి, నాకు నా మనుషులుండరా?"

అన్నయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుని, "ఒక్కటి కూడా మనింట్లో ఉండకూడదు. ఊరికి పంచెయ్యండి" అన్నాడు. బుట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పంచింది నేనే. బసవయ్య మూడు తీసుకున్నాడు. బసవయ్య పాటిగడ్డ ఇంటిస్థలం పట్టా కోసం నేను పదకొండుసార్లు నందిగామ తిరిగాను. మూడు పండ్లూ వాసన చూసి, "మీ ఇంట్లోకి ఉంచుకున్నారా సాంబయ్యా, పాపం?" అన్నాడు. మంచితనం కాబోలు అనుకున్నాను.

ఓటింగు ముందురోజు నేను రావిగుంట రేవు దగ్గర ఎడ్లు కడుగుతున్నాను. బసవయ్య నలుగురితో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నేను వినాలనే గొంతు పెంచాడు.

"పన్నెండేళ్లు మజ్జిగ తాగించాడు. ఆయన మాత్రం రసాలు పట్టాడు. ఇండిపెండెంటు అంటే అదే మరి. ఎవరి చెట్టు కింద పడితే వాళ్ల చెట్టు కింద ఏరుకోవచ్చు."

అందరూ నవ్వారు. ఆ నవ్విన నోళ్లలో అర్జీ రాయించుకోని నోరు ఒక్కటి లేదు. నేను ఎడ్లు తోలుకుని ఇంటికొచ్చి, పాకలో చొప్ప నరకడం మొదలుపెట్టాను. కత్తి ఎటు పడుతోందో నాకే తెలియడంలేదు. అన్నయ్య మధ్యాహ్నం నిద్ర లేచి వచ్చాడు.

"ఏరా, చొప్ప మీద కోపమా?"

"చొప్ప మీద కాదు. నీ మీద."

"చెప్పు."

చెప్పాను. బసవయ్య మాటలన్నీ చెప్పాను. రెండు నేను కలిపి ఉంటాను కూడా.

"అననియ్‌రా. రేపు బుల్లిబాబు గెలిస్తే వాళ్లే మూసుకుంటారు."

"ఓడితే?"

"ఇరవయ్యొక్క ఓట్లురా. ఎట్లా ఓడతాడు?"

"ఆ ఇరవైమందిలో ఎవడో ఒకడు రాత్రికి రాత్రి ఫిరాయిస్తే? అప్పుడెవడి మీదికొస్తుంది? క్యాంపుకు పోనివాడి మీదికి, పండ్లు పుచ్చుకున్నవాడి మీదికి రాదూ? ఓటు మీద పేరుంటుందా? నువ్వెవరికి వేసిందీ నీకూ ఆ పెట్టెకీ తప్ప ఎవరికి తెలుసు?" నా నోరు ఆగలేదు. పన్నెండేళ్ల కసి అది. చొప్పదీ కాదు, బసవయ్యదీ కాదు, నా సెకండ్ ఫారంది. "అందరి చేతా సంతకాలు పెట్టిస్తావుగా నువ్వు. రేపు నీ ఓటుకి సంతకమేదీ? ఏం చూపించి నోళ్లు మూయిస్తావు?"

అన్నయ్య పాక నిట్టాడి గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. ఎడ్ల వంక చూశాడు.

"అదీ నిజమేరా" అన్నాడు.

చెంబుడు నీళ్లు తాగి లోపలికి వెళ్లాడు.

మర్నాడు మృగశిర జల్లు పడి వెలిసింది. నందిగామలో సమితి ఆఫీసు ముందు జీపులు, లారీలు, బురద. బుల్లిబాబు మనుషులు మమ్మల్ని చూడగానే అన్నయ్య భుజం మీద చెయ్యేసి ఆఫీసు వెనక నూతి దగ్గరికి నడిపించారు. నేనూ వెంట వెళ్లాను. పళ్లెంలో కర్పూరం వెలుగుతోంది. బుల్లిబాబు ముఖంలో నిద్ర లేదు.

"బావా, మనవాళ్లు ఇరవైమందీ కర్పూరం ఆర్పి ప్రమాణం చేశారు. నువ్వొక్కడివే మిగిలావు."

"నేను మాటిచ్చాగా బుల్లిబాబుగారూ."

"ఇచ్చావు. పండ్లు కూడా పుచ్చుకున్నావంట."

"అవి ఊరు తినింది."

"ఎవరు తింటేనేం? ఆర్పు, ఒక పనైపోద్ది."

"ఆర్పను" అన్నాడు అన్నయ్య. "ప్రమాణాలు చేసేవాణ్ణి కాదు నేను. సంతకం పెట్టేవాణ్ణి."

లోపల్నుంచి ఎన్నికల ఆఫీసరు రూల్సు చదవడం వినిపిస్తూనే ఉంది. మేమెవరం వినలేదు. కర్పూరం దానంతటదే ఆరిపోయింది. అందరూ లోపలికి పోయారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఒక మూల బల్ల, దాని చుట్టూ దుప్పటి తెర. బల్ల మీద దారంతో కట్టిన కాపీయింగ్ పెన్సిలు. ఒక్కొక్కరే వెళ్లి ఇలా వంగి అలా వచ్చేస్తున్నారు. కిటికీ వైపు తెర పూర్తిగా లేదు, నాకు పక్క నుంచి సగం మనిషి కనిపించేవాడు. అన్నయ్య వంతు వచ్చింది. వంగాడు. పెన్సిలు కొస నాలిక మీద తడుపుకున్నాడు. ఒక్క గీత గీయడానికి అంతసేపెందుకో అనుకున్నాను. తడుపుకోవడం రెండోసారి కూడా చూశాను. కాగితం మడిచి పెట్టెలో వేసి, కిటికీ వైపు తిరిగి నన్ను చూసి తలూపాడు. నాలిక కొస ఊదాగా ఉంది. చాలా ఏళ్ల తరవాత ఆయన ముఖంలో అంత నిమ్మళం చూశాను.

ఆఫీసరు లెక్క తేల్చి లేచి నిలబడ్డాడు.

"భవానీప్రసాద్ గారికి ఇరవై. బుల్లిబాబు గారికి ఇరవై. చెల్లని ఓటు ఒకటి."

ఆ ఒకటీ పైకెత్తి ఇద్దరికీ చూపించాడు. బుల్లిబాబు పేరుకి ఎదురుగా గుర్తు ఉంది. దాని కింద ఊదారంగులో నిండు సంతకం, తేదీతో సహా. కిటికీలోంచే పోల్చుకున్నాను. పన్నెండేళ్లు మోసినవాణ్ణి, పోల్చుకోనా?

అన్నయ్య ముందుకొచ్చాడు. "అయ్యా, గుర్తు బుల్లిబాబుగారి పేరుకి ఎదురుగానే ఉంది గదండీ?"

"ఉందండి."

"ఆ సంతకం నాదేనండి. నాదేనని అందరి ముందూ ఒప్పుకుంటున్నాను."

"అందుకేనండి చెల్లనిది" అన్నాడు ఆఫీసరు. మంచివాడిలాగే ఉన్నాడు, గొంతు తగ్గించాడు. "ఓటు ఎవరిదో తెలిసే ఆనవాలు ఏదున్నా చెల్లదు. మొదట్లో చదివాను గదండీ."

యాభై రెండులో, యాభై అయిదులో అభ్యర్థుల్లో ఎవరి పెట్టె వాళ్లకే ఉండేది. కాగితం పెట్టెలో పడెయ్యడమే తప్ప రాసే పని లేదు. అరవై రెండులో ముద్ర గుద్దడం. యాభై తొమ్మిదిలో సమితి ప్రెసిడెంటు ఏకగ్రీవం. ఓటు వెయ్యమని మా అన్నయ్య చేతికి పెన్సిలివ్వడం అదే మొదలు. ఈ సంగతి నాకు తెలుసు. అక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది.

రెండు చీటీలు రాసి గ్లాసులో వేశారు. గుమాస్తా ఒకటి తీశాడు. భవానీప్రసాద్.

బుల్లిబాబు అన్నయ్య మీదికొచ్చాడు. ఇప్పుడు బావ లేదు.

"ఏమయ్యా, అసెంబ్లీకి రెండుసార్లు నిలబడ్డావు. ఊరందరికీ ఓటెయ్యడం నేర్పినవాడివి. సంతకం పెడితే చెల్లదని నీకు తెలియదంటే ఎవడి చెవిలో పువ్వు? అటేస్తే మాట పోద్ది, ఇటేస్తే వాడికి కోపమొస్తది. మధ్యలో చంపేశావు. రసాలు తియ్యగా ఉన్నయ్యా?"

అన్నయ్య నోరు తెరిచాడు. ఈలోపు భవానీప్రసాద్ వచ్చి, తన మెడలోని రెండు దండల్లో ఒకటి తీసి అన్నయ్య మెడలో వేసి, రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. "మీ మేలు మరవనండీ జగన్నాథరావుగారూ!" అన్నాడు, హాలంతా వినేట్టుగా. ఆ మనిషి ఆయన్ని చెప్పుతో కొట్టినా ఇంత అవమానం కాకపోను.

ఇంటికి నడిచే వచ్చాం. దండ తియ్యాలని కూడా ఆయనకి తోచలేదు. వాగు దగ్గర నేనే లాగి పారేశాను. మాకంటే ముందే కబురు ఊరు చేరింది. రావిగుంట మలుపులో బసవయ్య కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు పెట్టావయ్యా సంతకం?" అన్నాడు. వెటకారం కూడా లేదు, నిజంగానే అడిగాడు. "పిచ్చివాడివా నువ్వు? ఎవరన్నా చెప్పారా పెట్టమని?"

నేను ఆయన పక్కనే ఉన్నాను. చెయ్యి చాస్తే తగిలేంత దూరం. అన్నయ్య నావైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

"నాకే తోచింది" అన్నాడు.

నేనన్నాను ఆ మాట, నేనే రెచ్చగొట్టాను అని అప్పుడు చెప్పొచ్చు. నాలుగు మాటలు. బసవయ్య వింటే సాయంత్రానికి ఊరంతా తెలిసేది. నా నోరు పెగల్లేదు. పాకలో అంత బాగా ఆడిన నోరు.

మూడోనాడు బుల్లిబాబు మనిషొచ్చి, "మా బాబుగారు సంతకం పెట్టిన కాగితం ఇమ్మన్నారు" అన్నాడు. అన్నయ్య ట్రంకుపెట్టె తీసి నాలుగు మడతల కాగితం వాడి చేతిలో పెట్టాడు. వాడు అరుగు దిగకుండానే చింపేశాడు.

పదిహేను రోజులకి సిలార్ బండి మా వాకిట్లో ఆగింది. బండి నిండా గిన్నెలు, మంచాలు, గంప కింద కోళ్లు. గడ్డి మీద చాంద్ బాషా పడుకుని ఎగశ్వాస తీస్తున్నాడు. సిలార్ భార్య రజియాబీ ఆయన తల ఒళ్లో పెట్టుకుంది.

"వెళ్లొస్తామండీ బాబుగారూ. పేటలో మా చెల్లెలి పక్కింట్లో గది దొరికింది."

"ఊరొదిలి ఎందుకు సిలారూ? మీ వృత్తి అంతా ఇక్కడేగా?"

"నాన్నకి ఆయాసం పెరిగిందండి. వానలు ముదిరేట్టున్నయ్." సిలార్ పగ్గం చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు. "పేటలో అయితే మధ్యలో వాగు లేదు గదండీ."

అన్నయ్య అరుగు దిగి బండి దగ్గరికి వెళ్లాడు. చాంద్ బాషా కళ్లు తెరిచాడు.

"సంతకం పెట్టారంట గదా బాబూ. విన్నాను. మాట కోసమే పెట్టి ఉంటారు, నాకు తెలుసు" అన్నాడు.

ఆ నలభై ఒక్క ఊళ్లలో అన్నయ్యని నమ్మిన మాట నేను విన్నది ఆ చావబోయే మనిషి నోటే. ఆ మనిషినే మేం ఊళ్లో ఉంచుకోలేకపోయాం. బండి వాగు దిగి, ఎక్కి, రోడ్డు పట్టేదాకా అన్నయ్య అక్కడే నిలబడ్డాడు. తరవాత లోపలికొచ్చి పెన్సిళ్ల డబ్బా మూతపెట్టి అటక మీద పెట్టాడు. మర్నాటి నుంచి అర్జీకని ఎవరొచ్చినా "చెయ్యి నొప్పిరా" అనేవాడు. వాళ్లూ ఎక్కువ రోజులు రాలేదు. భవానీప్రసాద్ మనుషులు పక్క వీధిలో అరుగు తెరిచారు. అక్కడ కాఫీ ఇచ్చేవాళ్లు. నెల తిరిగేసరికి ఆయన నాలిక మామూలు రంగుకొచ్చింది.

ఆ వానల్లో వాగు మూడుసార్లు పొంగింది. అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. పాకలో నేనన్నది ఎత్తలేదు, వదినకైనా చెప్పలేదు. కంచం ముందు కూర్చుంటే నాకు పెరుగు ముందు వెయ్యమనేవాడు, ఎప్పట్లాగే. తిట్టినా, కొట్టినా ఆ ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఆ పెరుగు మింగుడు పడక వేరుపడతానన్నాను. నా భార్య పోరిందని ఊరంతా అనుకుంది. అనుకోనిచ్చాను. నాకది అలవాటైపోయింది అప్పటికే.

"సరేరా" అన్నాడు అన్నయ్య. అంతే.

దసరా ముందు నందిగామ రిజిస్ట్రారాఫీసుకి వెళ్లాం. పంపకాల కాగితాలు రాసిన లేఖరి అన్నయ్యకి పాత పరిచయం. ఆయన అర్జీల్లో మాటల పొందిక చూసి మెచ్చుకునేవాడు ఒకప్పుడు. కాగితాలు ముందుకు జరిపి, తన పెన్ను మూత తీసి గౌరవంగా అందించాడు.

"ఇక్కడ సంతకం చెయ్యండి జగన్నాథరావుగారూ."

అన్నయ్య పెన్ను తీసుకోలేదు. సిరా దిండు వైపు చెయ్యి చూపించాడు.

"వేలిముద్రండీ" అన్నాడు.

"ముద్ర ఎటూ తీసుకుంటారండి. ముందు సంతకం."

"వేలిముద్రేనండి. నిశానీ అని రాసుకోండి."

లేఖరి నా ముఖం చూశాడు. నేను నేల చూశాను. బల్ల దగ్గర ఉన్నవాళ్లంతా తిరిగారు. ఎడమచేతి బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తి పట్టుకుని, తియ్యకుండా చాలాసేపు ఉంచాడు అన్నయ్య. లేఖరి దాని పక్కనే 'జగన్నాథరావు నిశానీ' అని తన దస్తూరీతో రాశాడు.

తరవాత పెన్ను నాకిచ్చారు. సెకండ్ ఫారంలో బడి మానినవాణ్ణి. పన్నెండేళ్లలో నా పేరు నేను రాసుకోవాల్సిన అవసరం పడలేదు. వంకరటింకరగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాను. అన్నయ్య సిరా అంటిన వేలు తువ్వాలుకి తుడుచుకుంటూ నా భుజం మీంచి చూశాడు.

"తేదీ కూడా వెయ్యరా" అన్నాడు.